వేషం వేసుకొని ఆడే ఆట
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద నాకు ముందు మాట్లాడినవారు కవులు, అధ్యాపకులు. నేను మెట్రిక్ ప్యాసయి రైల్వేలో చేరిన గుమాస్తాను. టిక్కెట్ల కిటికీ వెనుక కూర్చుని "ఎక్కడికి? ఎంతమంది?" అని రెండు ప్రశ్నలు వేయడమే తప్ప ఒకచోట నిలబడి పదిమందికి చెప్పే అలవాటు నాకు లేదు. అటువంటి నన్ను కార్యదర్శిగారు పట్టుకొని, "మొన్న సంక్రాంతికి పిల్లలచేత ఒక ఆట ఆడించావు గదా, దాన్ని గురించి కాసేపు చెప్పు" అన్నారు. ఉగాది పచ్చడి తిన్న నోటితో కాదనలేకపోయాను. ఆ పచ్చడిలో వలెనే నా మాటలలో కూడ తీపి, చేదు రెండూ ఉంటవి. మన్నించి వినండి.

ముందు ఆ ఆట యేమిటో తెలియనివారికి మనవి చేస్తాను. అయిదారుగురిని ఒక గదిలోకి పంపి తలుపు వేస్తారు. గదిలో ఒక కథ ఉంటుంది. పెట్టెలు, తాళాలు, పటాలు, ఉత్తరాలు ఉంటవి. ఒక తాళం తెరవాలంటే అంకెలు కావాలి. ఆ అంకెలు గోడమీది పటం వెనుక ఉంటవి. ఆ పటం అర్థం కావాలంటే ఉత్తరం చదవాలి. ఇట్లా ఒక చిక్కు తరువాత ఒకటి విప్పుకొంటూ గంట లోపల బయటపడాలి. దీనిని ఎస్కేప్ రూం అంటున్నారు. మనం బయటపడే ఆట అనుకొందాం. కంప్యూటరు తెరమీద ఇటువంటి ఆటలు ముందే ఉన్నవి. 2007లో జపాన్ దేశంలోని క్యోటో నగరంలో తకావో కాటో అనే ఆయన తన స్క్రాప్ సంస్థ తరఫున దీనిని నిజమైన గదిలోకి తెచ్చాడు. 2011లో హంగరీ రాజధాని బుడాపెస్టులోను, 2012లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలోను మొదలయింది. ఇప్పుడు మన హైదరాబాదులో కూడ డబ్బు తీసుకొని ఆడిస్తున్నారు.

నాకు ఈ ఆటమీద మోజు కలిగి మొదలుపెట్టలేదు. ఒక బాధతో మొదలుపెట్టాను. అది దాచకుండా చెబుతాను. మా పెద్దవాడికి పదమూడేళ్ళు. క్రిందటి సంవత్సరం వాడి బడి దగ్గరకు వెళ్ళి, "ఒరే నాన్నా, ఇటు రా" అని పిలిచాను. వాడు గబగబ నా దగ్గరకు వచ్చి, తల వంచుకొని, "స్నేహితుల ముందు నన్ను తెలుగులో పిలవకండి" అన్నాడు. ఆ మాట కూడ ఒడియాలోనే అన్నాడు. నేను కోప్పడలేదు. ఇంటికి వచ్చి భోజనం చేయలేకపోయాను. ఇక్కడ కూర్చున్నవారిలో ఇటువంటి మాట విననివారు ఎంతమంది ఉన్నారో మీకే తెలియాలి.

ఒడియా వద్దని నేననను. అది మనకు ఈ ఊళ్ళో నీడనిచ్చిన భాష. వాడు ఒడియా బాగా మాట్లాడితే నాకు గర్వమే. కాని రైలెక్కితే అరగంటలో ఇచ్ఛాపురం వస్తుంది. అక్కడ బల్లమీద తెలుగు అక్షరాలు కనబడతవి. అంత దగ్గర ఉండి కూడ మన పిల్లలకు ఆ అక్షరాలు గీతలుగా కనబడుతున్నవే అన్నది నా దిగులు. సంఘంలో ఆదివారం తెలుగు బడి పెట్టాము. మొదటివారం ఇరవైమంది వచ్చారు. మూడోవారం ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురూ పంతులుగారి మనుమలు!

అప్పుడు ఈ బయటపడే ఆట సంగతి తెలిసి, "అక్షరాలు వచ్చేటట్టు ఆడిస్తే పోదా?" అనుకొన్నాను. కార్తీక వనభోజనాలకు ఒక గది పుచ్చుకొని, తాళాలు కొని, తెలుగులో చీటీలు వ్రాసి పెట్టాను. ఫలితం చెబితే నవ్వుతారు. పిల్లలు చీటీని ఫోనుతో ఫోటో తీశారు. ఫోనే అర్థం చెప్పింది. ఒకడు పెట్టెను తిరగవేసి దులిపాడు. తాళం ఊడి వచ్చింది. ఇద్దరు మూల కూర్చుని వేరే ఆట ఆడుకొన్నారు. ఇరవై నిమిషాలకు అందరూ బయటకు వచ్చి, "ఇంకేముంది?" అన్నారు. కథ యేమిటని ఒక్కరూ అడగలేదు. మా ఆవిడ మాత్రం, "వాళ్ళు లోపలికి ఎట్లా వెళ్ళారో అట్లాగే బయటకు వచ్చారండీ" అన్నది. ఆ మాట నాకు బాగా పట్టుకొన్నది. లోపలికి వెళ్ళినవాడు వేరే మనిషి అయితే తప్ప ఆట ఆట కాదు. వేరే మనిషి కావడం ఎట్లా?

ఆలోచిస్తే జవాబు మన వీధిలోనే ఉన్నది. బరంపురంలో పుట్టి పెరిగినవాడికి వేషమంటే ఎవరూ చెప్పనక్కరలేదు. రెండేళ్ళకొకసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు గుడి నుంచి దేశిబెహరా వీధికి, అంటే పుట్టింటికి వస్తుంది. మన తెలుగు మాట్లాడే నేతవారి కులపెద్ద దేశిబెహరాగారు ఆమెకు తండ్రి వరుస. సాయంకాలం స్త్రీలు ఘటాలు నెత్తిన పెట్టుకొని వీధులు తిరుగుతారు. మొక్కుకొన్నవారు రాముడి వేషం, కృష్ణుడి వేషం, పులివేషం వేసుకొని అమ్మవారి దర్శనానికి వస్తారు. ఒడియావారు బేష అంటారు, మనం వేషం అంటాము. రెండూ ఒక్క మాటే.

నాకు ఎనిమిదో యేట ఆటలమ్మ పోసింది. జ్వరం ఎంతకూ తగ్గకపోతే మా అమ్మ నాచేత పులివేషం వేయిస్తానని మొక్కుకొన్నది. యాత్ర రోజున ఒంటినిండా పసుపురంగు పూసి, నల్లచారలు దిద్ది, తోక కట్టారు. పిల్లిని చూసి జడిసే పిల్లవాణ్ణి నేను. అద్దం చూపించగానే ఏడ్చాను. వీధిలోకి తీసికొని వెళ్ళాక డప్పు మొదలయింది. ఎప్పుడూ మా అల్లరికి కేకలేసే పక్కింటి పిన్నిగారు నాకు దారి యిచ్చి చేతులు జోడించింది. అప్పుడు నాలో యేదో మారింది. నడక మారింది. చూపు మారింది. ఎండలో కాళ్ళు కాలుతున్నా తెలియలేదు. నేను పులిననుకోలేదు గాని, నేను నేనని కూడ అనుకోలేదు. రాత్రి మా అమ్మ నూనె రాచి రంగు కడిగింది. మర్నాడు బడిలో పదమూడో ఎక్కం దగ్గర మళ్ళీ యధాప్రకారం వణికాను. అయినా ఆ ఒక్క సాయంకాలం నాకు ఈనాటికీ మరుపు రాదు.

దీనిని బట్టి నాకు రెండు సంగతులు తోచినవి. ఒకటి, వేషం మనిషిని మార్చేది రంగు వల్ల మాత్రమే కాదు. ఎదుటివారు ఆ వేషాన్ని నమ్మి నడుచుకోవడం వల్ల. పిన్నిగారు దండం పెట్టకపోతే నేను రంగు పూసుకొన్న పిల్లవాణ్ణే. రెండు, వేషం సిగ్గును దాచి పెడుతుంది. తనకు సిగ్గయిన పనిని మనిషి వేషానికి అప్పగిస్తాడు. "నేను కాదు, పులి" అనుకొంటాడు.

మన గంజాం ప్రాంతానికి దీనిని మించిన సాక్ష్యం ప్రహ్లాద నాటకం. పందొమ్మిదో శతాబ్దంలో జలంతర సంస్థానాధిపతి రామకృష్ణ ఛోటరాయల పేరున ఇది వెలిసింది. ఆ జలంతరకోట ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. ఒడియాలో ఆడే ఈ నాటకంలో మన యక్షగానాల పోకడ కనబడుతుందని పెద్దలంటారు. మెట్ల వేదికమీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ గర్జిస్తూంటే తెల్లవార్లూ కూర్చుని చూస్తారు. చివర నరసింహుడి ముసుగు వస్తుంది. ఆ ముసుగుకు పూజ చేస్తారు. దానిని ధరించగానే నటుడికి ఆవేశం వస్తుంది. అందుచేత నలుగురు అతణ్ణి గట్టిగా పట్టుకొని ఉంటారు. ఈ నలుగురి సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. మళ్ళీ వారి దగ్గరకు వస్తాను.

తెలుగుదేశంలో చూస్తే కూచిపూడి భామాకలాపం ఉన్నది. కూచిపూడివారైన వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) సత్యభామ వేషం కడితే, ఆయన మగవాడని ఆడవారే నమ్మేవారు కారని చెప్పుకొంటారు. రంగస్థలంమీద స్థానం నరసింహారావుగారు (1902–1971) అదే సత్యభామ వేషంతో దేశమంతటా పేరు పొందారు. 1956లో పద్మశ్రీ అందుకొన్నారు. ఇక పగటివేషాలవారు వేదిక కూడ లేకుండా పట్టపగలు మన వాకిట్లోకే వచ్చి ఆడేవారు. వేషమని తెలిసేటప్పటికి మనం ఆటలో సగం దూరం వచ్చి ఉండేవాళ్ళం. జపాన్‌వారి ఆటలో చూసేవాడే ఆడేవాడు అవుతాడంటారు. మన పగటివేషాల ముందు నిలబడిన ఇల్లాలు ఆ పని ఎప్పుడో చేసింది.

"ఇవన్నీ భక్తి, కళ. పిల్లల ఆటకు పనికి వస్తవా?" అని మీరడగవచ్చు. నేను చదివిన రెండు సంగతులు చెబుతాను. 2012లో అమెరికాలో హాజో ఆడం, ఆడం గాలిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి తెల్లకోటు తొడిగి, ఇది డాక్టరు కోటు అని చెప్పారు. మరి కొందరికి అదే కోటు తొడిగి, రంగులు వేసేవారి కోటు అన్నారు. డాక్టరు కోటనుకొన్నవారు ఎక్కువ శ్రద్ధగా పని చేశారని ప్రకటించారు. అయితే 2019లో వేరేవారు ఎక్కువమందితో ఆ పరీక్షలలో ఒకదానిని తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. కనుక కోటు తొడిగితే చాలు, బుద్ధి పెరుగుతుందని నేను చెప్పను. 2017లో ఇంకొక పరీక్ష వెలువడింది. నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలకు విసుగు పుట్టించే పని ఒకటి ఇచ్చి, పక్కన ఆడుకొనే యంత్రం పెట్టారు. తాను బాట్‌మన్‌ననో మరొక కథానాయకుణ్ణనో అనుకొని వేషం వేసుకొన్న పిల్లలు, తాము తాముగా ఉన్న పిల్లలకంటె ఎక్కువసేపు పనిని అంటిపెట్టుకొని ఉన్నారు. పక్కింటి పిన్నిగారు నాకు నేర్పిన పాఠానికి ఇది దగ్గరగా ఉన్నది.

సరే, పిల్లలకు వేషాలు వేయిద్దామని కార్యవర్గంలో చెప్పాను. పులి, రాముడు, నరసింహుడు అని జాబితా చదివాను. మన సంఘంలో నేతపని చేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఎప్పుడూ మాట్లాడరు. ఆ రోజు మాట్లాడారు. "బాబూ, ఆ వేషాలు మొక్కులు. అమ్మవారికి చెల్లించవలసినవి. తాళాలాటకు వాడతావా? రేపు యాత్రలో పులి కనబడితే పిల్లవాడు దండం పెడతాడా, తాళంచెవి ఉందా అని అడుగుతాడా?" అన్నారు. నాకు సమాధానం తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆయన అన్నది నిజమని తెలిసింది. ఎదుటివారి నమ్మకమే వేషానికి ప్రాణమని ఇప్పుడే గదా చెప్పాను! ఆ నమ్మకాన్ని మనమే ఆటకు అరువు తెచ్చి అరగదీస్తే వేషానికి మిగిలేదేమిటి?

మర్నాడు ఆయన దగ్గరకు వెళ్ళి, "అయితే ఏ వేషం వేయమంటారు తాతగారూ?" అని అడిగాను. ఆయన నవ్వి, "మనం వేషాలు కట్టనప్పుడు యేమి కట్టుకొన్నామో అది వేయించు" అన్నారు. అంతే. దేవుళ్ళనూ రాజులనూ వదలి, మన తాతలు పనిలోకి కట్టుకొని వెళ్ళిన బట్టలు వెదకడం మొదలుపెట్టాను.

కథ కూడ అప్పుడే కుదిరింది. తేదీ 1936 మార్చి 31, రాత్రి. మర్నాడు ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రమయింది. అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలో ఎక్కువ భాగం, బరంపురంతో సహా, అందులో చేరింది. ఇచ్ఛాపురం, పలాస వైపు మద్రాసులోనే ఉండిపోయింది. అందుచేత మనలో కొందరు ఊరు కదలకుండానే ప్రవాసాంధ్రులయ్యారు. నావంటివారు తరువాత రైలెక్కి వచ్చారు. ఇంతవరకు చరిత్ర. ఇక కల్పన: ఆ రాత్రి ఒక కచేరీలో రికార్డుల గది. ఒక రైతు భూమి దస్తావేజు తప్పుడు కట్టలో పడింది. పన్నెండు కొట్టే లోపల వెదకకపోతే ఆ కట్ట తెల్లవారే రైలుకు వెళ్ళిపోతుంది. రైతుకు ఇటూ అటూ గూడ ఆధారం ఉండదు. గదిలో ఆరుగురున్నారు. దస్తావేజు వెదకాలి.

ఆరుగురికి ఆరు వేషాలు. గుమాస్తాకు తలపాగా, పాతకోటు. కరణానికి కండువా, చెవిమీద కలం. రైతుకు తలగుడ్డ. బడిపంతులమ్మకు కళ్ళజోడు. నేతపిల్లకు బరంపురం పట్టుచీర. తంతి తెచ్చిన రైల్వే మనిషికి నీలికోటు. ఆ నీలికోటు మా తాతగారిది. ఆయన రైల్వేలో పాయింట్సుమను. చనిపోయినప్పటినుంచి అది మా ట్రంకుపెట్టె అడుగున ఉన్నది. అది తప్ప మిగిలినవి మీ ఇళ్ళలోనివే. కొన్నది ఒక్క కళ్ళజోడు.

వనభోజనాలనాటి తప్పులను ఇక్కడ దిద్దుకొన్నాను. ఆ వివరాలు, మీ పిల్లలచేత ఆడించదలచితే పనికి వస్తవి గనుక చెబుతాను. బట్టలు గదిలో పెట్టలేదు. బయట వరండాలో, పెద్దలచేత కట్టించాను. తలపాగా చుట్టే అయిదు నిమిషాలూ ఆ తాతగారు, "మా నాన్న ఇట్లా చుట్టేవాడు" అని మాట్లాడుతూనే ఉంటారు. ఆట అక్కడే మొదలవుతుంది. ఫోనులు అక్కడే ఒక సంచీలో వేయించాను. 1936లో ఫోనెక్కడిది? వేషం వేసిన తరువాత అసలు పేరుతో ఎవరినీ పిలవకూడదన్నాను. అన్నిటికంటె ముఖ్యం, వేషం పైపై అలంకారంగా ఉండకుండా ఆటలో ఒక పనిముట్టు కావాలి. పట్టుచీర అంచుమీద గుడిగోపురాల వరుసవలె ఉండే కుంభాలు మీకు తెలుసు. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ ఫోడా కుంభ పేరు కూడ చేర్చారు. రెండు గుర్తుల మధ్య ఆ కుంభాలు లెక్కపెడితే ఒక అంకె దొరుకుతుంది. కోటు జేబులో తంతి ఉంటుంది. తలపాగా విప్పితే చివర కుట్టిన గుడ్డమీద తెలుగు అంకెలలో ౪౧౭ అని ఉంటుంది. వేషం వేసుకోనివాడు ఆ తాళం తీయలేడు.

గదికి ఒక చిన్న కిటికీ. కిటికీ అవతల గుమాస్తాగారి తల్లి వేషంలో మన సంఘంలోని ఒక మామ్మగారు కూర్చున్నారు. ఆమెకు వేషం అక్కరలేదు. ఉన్నదున్నట్టు కూర్చున్నారు. ఏది తెలియకపోయినా ఆమెను అడగవచ్చు. కాని ఆమెకు తెలుగు తప్ప వేరే భాష రాదు. ఇది షరతు.

సంక్రాంతినాడు ఆట సాగుతున్నది. నేను గది బయట నిలబడి వింటున్నాను. తలపాగా విప్పారు. ౪౧౭ దగ్గర ఆగిపోయారు. మధ్య అంకెను సున్నా అన్నారు. తాళం రాలేదు. కాసేపు ఒడియాలో గుసగుసలాడుకొన్నారు. ఆఖరుకు ఒకడు కిటికీ దగ్గరకు వచ్చాడు. ఆ గొంతు మా పెద్దవాడిది.

"మామ్మగారూ, ఈ గీత ఏ అంకె?"

"ఏటి బాబూ, ఒకట్లు కూడా తెలీవేటి నీకు? రైల్లో పనిచేస్తన్నావు కదా!"

లోపల అందరూ నవ్వారు. వాడు చిన్నబుచ్చుకొని వెనక్కు వస్తాడనుకొన్నాను. వాడు ఒక క్షణం ఆగి, "రాత్రి డ్యూటీ మామ్మా, కళ్ళు కనబడటంలేదు" అన్నాడు.

అయ్యా, ఆ మాట వాడికి ఎవరూ నేర్పలేదు. మా తాతగారి కోటు తొడుక్కొని, మోచేతులు దాటిన ఆ చేతుల్ని పైకి మడుచుకొని, తెలుగులో, సిగ్గులేకుండా, స్నేహితుల ముందు అన్నాడు. నలభై అయిదు నిమిషాల గడువులో నలభైమూడో నిమిషానికి దస్తావేజు దొరికింది. బయటకు వచ్చి, ఈసారి "ఇంకేముంది?" అనలేదు. "ఆ రైతుకు తరువాత యేమయింది?" అని అడిగారు.

ఇక చేదు సంగతి. సంక్రాంతికి వారం ముందు మేము ఒకసారి ఆడి చూశాము. అప్పుడు పారావాడి వేషం కూడ ఒకటుండేది. కాగితపు గుజ్జుతో చేసిన ముసుగు ఒక అమ్మాయికి పెట్టాను. ఆట నిజంగా ఉండాలని నేనే బయటినుంచి గడియ వేశాను. పది నిమిషాలకు ఆ పిల్లకు ఊపిరాడలేదు. ముసుగు తాడు ముడి పడింది. కేకలు వేసింది. గడియ బిగుసుకొని రెండు నిమిషాలు రాలేదు. ఆ రెండు నిమిషాలు నాకు రెండేళ్ళు. పిల్లకు యేమీ కాలేదు, అమ్మవారి దయ. వాళ్ళ నాన్న నన్ను తిట్టలేదు. "ఆట నిజం కావాలనుకొన్నావు. భయం నిజమయింది" అన్నాడు. తిట్టినా బాగుండును.

తరువాత తెలిసికొన్నాను. 2019 జనవరి 4న పోలండులోని కోషాలిన్ పట్టణంలో ఇటువంటి ఆటగదిలో నిప్పు అంటుకొని, బయటపడే దారి లేక, పదిహేనేళ్ళ ఆడపిల్లలు అయిదుగురు మరణించారు. ఒకరి పుట్టినరోజు వేడుకకు వచ్చిన పిల్లలు. అది చదివినప్పుడు నా చేతిలోని గడియ జ్ఞాపకం వచ్చి ఒళ్ళు జలదరించింది. ప్రహ్లాద నాటకంలో నరసింహుణ్ణి పట్టుకొనే ఆ నలుగురిని జ్ఞాపకం ఉంచుకొమ్మన్నాను. మనవారికి తెలుసు. వేషం ఎంత లోపలికి తీసికొని వెళుతుందో, వేషం వేయనివారు కొందరు అంత దగ్గరగా నిలబడాలి.

కనుక మీలో ఎవరైనా ఆడించదలచితే ఇవి పాటించండి. తలుపు దగ్గరగా వేయాలే గాని గడియ వేయకూడదు. తాళాలన్నీ పెట్టెలకే. తలుపు బయట ఒక పెద్దమనిషి ఎల్లప్పుడూ ఉండాలి. ముక్కు, నోరు మూసే ముసుగులు వద్దు. మెడకు బిగిసే ముడులు, కాళ్ళకు అడ్డుపడే కుచ్చెళ్ళు వద్దు. చీర అయితే ఉన్న బట్టలమీద పైటవలె వేస్తే చాలు. దీపాలు, కొవ్వొత్తులు గదిలో వద్దే వద్దు. వేసవిలో కోటు బరువు. అరగంటకు మించవద్దు. వేషం వద్దన్న పిల్లవాణ్ణి బలవంతపెట్టకండి. ఒక కండువా ఇవ్వండి. అదీ వద్దంటే కిటికీ దగ్గర మామ్మగారి పక్కన కూర్చోబెట్టండి. "ఆట చాలు" అని ఎవరన్నా, ఆ క్షణమే ఆపి అసలు పేరుతో పిలవండి. వేషం వేయడమెంతో, తీయడమూ అంతే. మా అమ్మ ఆ రాత్రి నూనెతో నెమ్మదిగా రంగు తీసినట్టు తీయాలి.

ఈ ఆటతో మన పిల్లలకు తెలుగు వచ్చేసిందని నేను చెబితే అబద్ధమాడినవాణ్ణవుతాను. కోటు విప్పిన మర్నాడు మావాడు మళ్ళీ ఒడియాలోనే మాట్లాడాడు. ఇప్పుడూ మాట్లాడుతున్నాడు. అయితే ఆ రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, ఈ కోటు వేసుకొని ముత్తాతగారు రాత్రంతా యేమి చేసేవారు?" అని అడిగాడు. పాయింటు మార్చడమంటే యేమిటో, లాంతరు పట్టుకొని వానలో రైలుకోసం నిలబడడమంటే యేమిటో చెప్పాను. చాలా నెలల తరువాత వాడు నన్ను తెలుగులో ఒక ప్రశ్న అడిగాడు. నేను తెలుగులో జవాబు చెప్పాను. అంతవరకే జరిగింది. నాకు అది చాలు.

చివరగా ఒక్క మనవి. మీ ట్రంకుపెట్టెలు వెదకండి. చిమటలు కొట్టిన కోటు, వెలిసిన కండువా, పిడి విరిగిన కళ్ళజోడు, అంచు చిరిగిన పట్టుచీర దొరికితే పాతసామానువాడికి వేయకండి. సంఘం గదిలో ఒక బీరువా ఖాళీ చేశాము. తెచ్చి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అవి ఎవరివో, వారు యే పని చేసేవారో ఒక చీటీమీద తెలుగులో వ్రాసి జేబులో పెట్టండి. వచ్చే సంక్రాంతికి మరొక కథ కడదాము. ఆ జేబులో చెయ్యి పెట్టే పిల్లవాడికి ఆ చీటీయే మొదటి తాళంచెవి.